బూడిదలోయలో నీటి రోకళ్లు

కరాళదుర్గం సరిహద్దు దాటాక దారి కొండల్లోకి మళ్లింది. పొద్దుటి ఎండలో ఇద్దరు బాటసారులు ఆ దారిన ఎక్కుతున్నారు. ముందు నడిచే యువకుడి తలమీద జల్లెడల మోపు, వెనక నడిచే నడివయసు స్త్రీ చంకన వెదురుబద్దల కట్ట. చూసినవారెవరైనా వాళ్లను ఊరూరా తిరిగి జల్లెడలూ తట్టలూ అమ్ముకునే మేదర అక్కాతమ్ముళ్లనే అనుకుంటారు. కాని ఆ యువకుడు నీలధార రాజ్యానికి యువరాజు శరభపాలుడు. ఆ స్త్రీ నీలధార మందుసాలలో ఫిరంగిమందు దంచే కూలీలకు పెద్ద, సిద్ధమ్మ.

"మోపు జారతా ఉంది, సరిగ్గా పట్టుకో," అంది సిద్ధమ్మ.

"పట్టుకున్నాను సిద్ధమ్మా."

"మళ్లీ సిద్ధమ్మేంది? అక్కా అనమని ఎన్నిసార్లు చెప్పాల? నేను మిమ్మల్ని ఒరే అనలేక నాలిక కొరుక్కుంటా అంటన్నానా లేదా?"

శరభపాలుడు నవ్వాడు. "కొరుక్కుంటున్నట్టు నాకు కనిపించలేదు అక్కా. నిన్న సత్రంలో అందరి ముందూ నన్ను మొద్దు వెధవా అన్నావు."

"అది వేషం కోసం," అని సిద్ధమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

వాళ్లిద్దరూ ఇలా వేషాలు వేసుకుని శత్రురాజ్యంలో తిరగడానికి కారణం ఉంది. ఆ వేసవిలో నీలధార మందుసాల పేలిపోయింది. పెట్లుప్పు, గంధకం, బొగ్గు కలిపి రాతిరోళ్లలో పోసి, ఒకే కప్పు కింద భుజాలు రాసుకుంటూ కూలీలు దంచేవారు. తాతలనాటి పద్ధతి. ఏ రోకలి ఇనుపపొన్ను ఏ రాతికి ఒరుసుకుందో, ఒక రవ్వ లేచింది. లోపల ఉన్నవారిలో ఒక్కరూ బయటికి రాలేదు. సిద్ధమ్మ పెనిమిటి గురవయ్య కూడా రాలేదు. నీళ్లకోసం ఏటికి వెళ్లి ఉండబట్టి ఆమె బతికింది.

కరాళదుర్గం రాజు రణకేసరి వానలకు ముందే దండెత్తబోతున్నాడని వేగులవాళ్లు వార్త తెచ్చారు. ముసలిరాజు వెంటనే మందుసాలను అదే చోట మళ్లీ కట్టించమన్నాడు. అప్పుడు శరభపాలుడు నిండుసభలో లేచి నిలబడ్డాడు.

"తండ్రీ, అదే సాల కడితే అదే చావు వస్తుంది. రణకేసరి ఫిరంగులకు ఇన్నేళ్లుగా మందు కరువైంది లేదు. అక్కడ సాల పేలి మనుషులు చచ్చారన్న మాటా మనం వినలేదు. వాళ్లు ఎలా చేస్తున్నారో తెలిసేవరకు మన దేశంలో ఒక్క రోకలి కూడా లేవకూడదు."

"అది మనుషులు చేసే మందు కాదు యువరాజా," అన్నాడు సేనాపతి. "భస్మకేతుడనే మాంత్రికుడు బూడిదలోయలో భూతాలచేత దంచిస్తున్నాడు. వెళ్లినవాడు తిరిగిరాడు."

"అయితే ఆ భూతాలనే చూసి వస్తాను," అన్నాడు శరభపాలుడు. తాను చూసినా తనకు అర్థం కాకపోవచ్చునని సిద్ధమ్మను తోడు రమ్మన్నాడు. ఆమె మారుమాట లేకుండా బయలుదేరింది.

కొండదారి ఒక ఇరుకు కనుమ దగ్గర ఆగింది. రెండు నిలువు కొండల నడుమ, కాటుకలా నల్లని రాతితో కట్టిన తోరణం ఉంది. దానికింద కంచుబల్లేలు పట్టుకున్న కావలివాళ్లు నిలబడి, వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నారు. లోయలో జల్లెడల అవసరం ఎప్పుడూ ఉంటుందని సత్రంలో విని, అందుకే వీళ్లు ఈ వేషం ఎంచుకున్నారు.

"మేదరోళ్లమయ్యా, జల్లెళ్లు తెచ్చాం," అంది సిద్ధమ్మ. ఆమె తోరణం దాటి అవతలికి వెళ్లింది. ఏమీ జరగలేదు.

శరభపాలుడు తోరణం కిందికి అడుగు పెట్టాడో లేదో, తలమీద మోపు బతికున్న జంతువులా గిలగిల కొట్టుకుంది. చేతుల్లోంచి విడిపించుకుని పైకెగిరి, ధడాలున నల్లరాతికి అతుక్కుపోయింది! కట్లు తెగి జల్లెడలన్నీ కిందికి రాలాయి. వాటి మధ్య దాచిన కత్తి ఒక్కటే రాతిని పట్టుకుని వేలాడుతోంది.

కావలివాళ్లు కంచుబల్లేలు అతని గుండెకు ఆనించారు. "కత్తి! ఎవడివిరా నువ్వు?"

అంతలో సిద్ధమ్మ గిరుక్కున వెనక్కి వచ్చి, తమ్ముడి నెత్తిమీద ఫెడీలున మొట్టింది.

"సచ్చినోడా! వెదురుకత్తి మోపులో పెట్టమాక, మొలలో దోపుకోమని చెప్పానా లేదా? జల్లెళ్లన్నీ నేలపాలు చేస్తివి కదరా! అయ్యా, వీడు పుట్టినకాడి నుంచీ ఇంతే. కత్తి లేకపోతే బద్ద చీల్చేదెట్టా అయ్యా? చూడండి, పిడికి నార చుట్టుకున్నాం, చెయ్యి జారకుండా."

పుట్టి బుద్ధెరిగాక శరభపాలుడిని కొట్టినవారు లేరు. ఆ మొట్టికాయకు అతని కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. ఆ కళ్లు చూసి కావలివాళ్లు పకపకా నవ్వారు. ఆ నార కింద, దంతపు పిడిమీద రాచముద్ర ఉంది. నార చుట్టడం సిద్ధమ్మ పట్టుబట్టి చేయించిన పనే.

"ఇది సూదంటురాయి. ఇనుప చీలను కూడా లోపలికి రానివ్వదు," అన్నాడు కావలి నాయకుడు. "కత్తి ఇక్కడే ఉంటుంది. పోయేటప్పుడు తీసుకోండి. లోపల తారావళమ్మకు కనపడండి."

కనుమ దాటగానే లోయ కళ్లముందు విచ్చుకుంది. ఎత్తైన గండశిల మీదినుంచి ఒక జలపాతం వెండితెరలా దూకుతోంది. దూకిన నీరు చెక్కకాలువల్లో పడి, చీలి, చీలినచోటల్లా ఒక్కో పెద్ద చక్రాన్ని తిప్పుతోంది. తడిసి నిగనిగలాడే చక్రాల ఆకులమీద ఎండ తుళ్లిపడుతోంది. గట్టుమీది మద్దిచెట్లు బొగ్గుదుమ్ము కప్పుకుని బూడిదరంగులో నిలబడ్డాయి గాని, వాటి అడుగున పచ్చిక పచ్చగానే ఉంది, పిచ్చుకలు భయం లేకుండా గింజలు ఏరుకుంటున్నాయి. భూతం కాదు గదా, లోయంతా కలిపి ఒక పొగచార కూడా లేదు. నీటి హోరు కింద మెత్తగా, ఎడతెగకుండా ధుమ్, ధుమ్ అని ఏదో మోత వినిపిస్తోంది.

చక్రం చక్రానికీ పక్కన ఒక సాల. సాలకూ సాలకూ మధ్య ఒక ఊరు పట్టేంత ఎడం. ఒక్కోదానికి మూడు వైపులా కోటగోడలంత మందాన రాతిగోడలు. నాలుగోవైపు, ఏటికేసి, ఏమీ లేదు. పైన తేలికైన రెల్లుకప్పు.

సిద్ధమ్మ మొదటి సాల ముందు ఆగిపోయింది. లోపల కొయ్యరోకళ్లు వాటంతటవే లేచి, వాటంతటవే పడుతున్నాయి. బయటి చక్రం తిరిగినప్పుడల్లా దాని ఇరుసుకున్న కొయ్యపళ్లు రోకళ్లను ఎత్తి వదులుతున్నాయి. రోళ్లలోకి వెదురు గొట్టాలనుంచి నీరు బొట్లుబొట్లుగా కారుతోంది. నల్లని ముద్ద తడితడిగా నలుగుతోంది. సాలలో మనిషి లేడు.

"దంచేవాళ్లేరీ?" అంది సిద్ధమ్మ నెమ్మదిగా.

"నీళ్లే దంచుతున్నాయి అక్కా," అన్నాడు శరభపాలుడు.

ఆమె అక్కడే నేలమీద కూలబడి, ఆ రోకళ్లు లేవడం, పడటం చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది. "తడిపి దంచితే చాలంట. మనుషులు దూరంగా ఉంటే చాలంట," అంది.

"జల్లెడలు మీవేనా?" అన్న మాట వినిపించి ఇద్దరూ లేచారు. నెరిసిన జుట్టు బిగించి ముడివేసుకున్న పొడగరి స్త్రీ వచ్చి నిలబడింది. ఆమే యంత్రాలు కట్టిన తారావళి. ఒక జల్లెడ తీసి వెలుతురుకు ఎత్తి చూసింది. "కన్నాలు సమంగా ఉన్నాయి. తడిముద్దను వీటిలోంచి తోస్తే మందు గింజ బాగా కడుతుంది. ఎవరల్లారు?"

"నేనేనమ్మా," అన్నాడు శరభపాలుడు.

తారావళి అతని చెయ్యి పట్టి తిప్పి చూసింది. "మేదరివేళ్ల మీద వెదురుగీతలు ఉంటాయి నాయనా. నీకు కత్తిపిడి కాయ తప్ప ఏమీ లేదు." తర్వాత సిద్ధమ్మ ముంజేతులకేసి చూసింది. వాటినిండా చర్మం కిందికి దిగిపోయిన నల్లని చుక్కలు. ఆమె గొంతు మారింది. "నువ్వు మందు దంచినదానివి. ఏ ఊరు తల్లీ మీది?"

అబద్ధం చెప్పినా ప్రయోజనం లేదని శరభపాలుడు గ్రహించాడు. తమ పేర్లు, వచ్చిన పని, మందుసాల పేలిన సంగతి అన్నీ చెప్పేశాడు. "మీరు బందీగా ఉన్నట్లయితే విడిపించి తీసుకుపోతాను. మా రాజ్యంలో ఇలాంటి సాలలు కట్టించండి," అని ముగించాడు.

తారావళి తల అడ్డంగా తిప్పింది. "నన్ను ఎవరూ కట్టెయ్యలేదు యువరాజా. ఒకప్పుడు భస్మకేతుడు యుద్ధంలో పట్టుబడినవాళ్లచేత ఇక్కడ దంచించేవాడు. మీ ఊళ్లో లాగే చచ్చేవారు. చచ్చినప్పుడల్లా భూతం మింగిందని చాటేవాడు. నేను వచ్చి, చక్రాలు కడతాను, రెట్టింపు మందు ఇస్తాను, మనుషుల్ని రోళ్ల దగ్గర కూర్చోబెట్టవద్దు అన్నాను. మందు మీది ఆశతో ఒప్పుకున్నాడు. నేను వెళ్లిపోయిన రోజున ఆ బందీలు మళ్లీ రోళ్ల దగ్గర కూర్చుంటారు. ఎలా రమ్మంటావు?"

"ఆ మందుతోనే రేపు మా కోట పగలగొడతారు తల్లీ," అన్నాడు శరభపాలుడు.

"తెలుసు. నీకు మందు చెయ్యడం నేర్పితే ఆ గుండ్లు కరాళదుర్గం బిడ్డల మీద పడతాయని కూడా తెలుసు. ఈ పని పట్టుకున్ననాటినుంచీ నాకు కంటినిండా నిద్ర లేదు."

సిద్ధమ్మ, "నేర్పించకపోయినా మావోళ్లు దంచతారమ్మా. పాత రోళ్లలో దంచి చస్తారు," అంది.

తారావళి ఆమెకేసి తిరిగింది. ఏదో చెప్పబోయింది. అంతలో కొండమీద కొమ్ము మోగింది. పని చేస్తున్న బందీలంతా ఎక్కడివాళ్లక్కడ నేలమీదికి ఒంగిపోయారు.

శిఖరం మీదినుంచి ఒక పల్లకి దిగివస్తోంది. దాన్ని మోసేవాళ్లకు ముఖాలు లేవు. తలనుంచి పాదాల వరకు బూడిదముద్దలు! అడుగుపెట్టినచోటల్లా నేలమీద తెల్లని పొడి రాలి, మళ్లీ లేచి వాళ్ల కాళ్లను అంటుకుంటోంది. పల్లకిలో చింతనిప్పుల్లాంటి కళ్లతో, మోకాళ్లదాకా గడ్డంతో భస్మకేతుడు కూర్చుని ఉన్నాడు.

"తారావళీ! రణకేసరి మహారాజు ఏటి ఒడ్డుకు దండు తెచ్చాడు. మందు ఇవాళే కావాలి," అన్నాడు.

"దంచినది ఎండాలి. ఎండకముందు ఇవ్వలేను."

"తడపడం ఎందుకు, ఎండబెట్టడం ఎందుకు? పొడిగా దంచు."

"పొడిగా దంచితే పేలుతుంది. నేను బతికుండగా ఆ పని జరగదు."

మాంత్రికుడు చిటికెడు బూడిద ఆమె మీదికి ఊదాడు. అది తాడులా పేనుకుని, ఆమె చేతులనూ కాళ్లనూ చుట్టేసింది. బూడిదబంట్లు మొదటి సాలలోకి దూరి వెదురు గొట్టాలను పీకి ఏట్లోకి విసిరారు. పెట్లుప్పు, గంధకం, బొగ్గు కొత్తగా తెచ్చి పొడిపొడిగా రోళ్లలో కుమ్మరించారు. బందీలను కొందరిని మెడలు పట్టి లోపలికి నెట్టి, రోళ్లచుట్టూ చిందింది ఎత్తి పొయ్యమన్నారు.

చక్రం తిరుగుతూనే ఉంది. మెత్తగా ధుమ్ముమన్న మోత కాసేపటికి టక్ టక్ మనే పొడిమోతగా మారింది. ఆ మోత సిద్ధమ్మకు తెలుసు.

"తూము! నీళ్లు ఆపాల!" అని అరిచి, ఆమె తిన్నగా సాలలోకే పరుగెత్తింది. అడ్డం వచ్చిన బంటు చెయ్యి ఆమె భుజం మీద పడింది. ఆమె ఆగలేదు. "బయటికి రండి! ఏటికేసి కాదు, గోడ వెనక్కి! గోడ వెనక్కి!" అంటూ ఒక్కొక్కరినీ జబ్బ పట్టుకుని ఈడ్చింది.

శరభపాలుడు చెక్కకాలువ దుంగమీదికి దూకాడు. నాచుపట్టిన దుంగ. కాలు జారింది, పట్టు దొరికింది, మళ్లీ లేచి పరుగెత్తాడు. వెనక రెండు బూడిదబంట్లు అతనికన్నా వేగంగా వస్తున్నాయి. కాలువ మొదట్లో జలపాతాన్ని పట్టి ఉంచే పెద్ద తూము తలుపు ఉంది. దానిని దించితే చక్రం ఆగుతుంది. శరభపాలుడు మోకుమీద బరువంతా వేసి వేలాడాడు. తలుపు కదలలేదు. బంట్ల చేతులు అతని మెడను చుట్టాయి. ఊపిరి ఆడలేదు. తలుపును దించడం కుదరదని తెలిసి, అతను రెండు కాళ్లూ దానికి తన్నిపెట్టి, ఉన్న బలమంతా కూడగట్టి అడ్డగడియనే పెరికేశాడు.

తలుపు ఊడిపోయింది. జలపాతమంతా ఒక్కసారి లోయమీద విరుచుకుపడింది. కాలువలు పొంగి పొర్లాయి. సాలల మధ్య బయలంతా ఏరైపోయింది. మెడను పట్టిన చేతులు బురదై అతని వీపుమీదుగా జారిపోయాయి.

నీరు మొదటి సాలను చేరేలోగానే లోపల మెరుపు మెరిసింది.

ఆ చప్పుడుకు కొండలు ప్రతిధ్వనించాయి. రెల్లుకప్పు పక్షిలా ఆకాశంలోకి ఎగిరి ముక్కముక్కలైంది. తెరిచి ఉన్న వైపునుంచి మంట నాలుకలా సాగి, ఏటిమీదికి వెళ్లి ఆరిపోయింది. రాతిగోడలు మూడూ వణికాయి. వణికి, నిలబడ్డాయి. పక్క సాల మీద ఒక్క రెల్లుపుల్ల కూడా చెదరలేదు.

శరభపాలుడు దుంగలు పట్టుకుని దిగివచ్చేసరికి గోడ వెనక బురదలో మనుషులు గుంపుగా కూర్చుని ఉన్నారు. సిద్ధమ్మ ఒక్కొక్కరి ముఖాన్నీ తాకి చూస్తోంది. ఎవరి చెవినుంచో రక్తం, ఎవరి జుట్టుమీదో మసి. చచ్చినవాడు ఒక్కడూ లేడు.

"అందరూ ఉన్నారు. అందరూ ఉన్నారు బాబూ," అని ఆమె బావురుమంది. మందుసాల పేలిన రోజునుంచి ఆమె పైకి ఏడవగా అతను చూడటం అదే మొదలు.

బూడిదబంట్లు ఎక్కడివక్కడ కరిగి బురదకుప్పలయ్యాయి. తారావళి కట్లు నీటికి తెగిపోయాయి. పల్లకితోపాటు నీళ్లలో దొర్లిన భస్మకేతుడు తడిసిన గడ్డంతో లేచి, ఏదో మంత్రం గొణిగి, రాబందు రూపం ఎత్తాడు. ఒకసారి లోయను చుట్టి, తడిసి బరువెక్కిన రెక్కలతో కొండకొండకూ ఆగుతూ, రణకేసరి దండు విడిసిన దిక్కుగా ఎగిరిపోయాడు. ఎన్నేళ్లుగానో తలెత్తని బందీలు లేచి నిలబడి ఆ రాబందును చూశారు. వాళ్లలో ఒక ముసలివాడు, "మనల్ని మింగే భూతం ఏదిరా? నీళ్లకు కరిగే మట్టి!" అని కాండ్రించి ఉమ్మేశాడు.

"ఇక ఇక్కడ ఒక్కరూ ఉండకూడదు," అంది తారావళి. "వాడు సైన్యాన్ని తెస్తాడు. యువరాజా, వీళ్లందరికీ నీ రాజ్యంలో చోటిస్తే నేను వస్తాను. ఇంకొక్క మాట. నీ మందుసాలలో చక్రాన్ని ఆపించే అధికారం సిద్ధమ్మది కావాలి. రాజు చెప్పినా, సేనాపతి చెప్పినా, యుద్ధం గడపలో ఉన్నా, ఆమె ఆపమంటే ఆగాలి. అది ఒప్పుకోలేకపోతే ఇప్పుడే చెప్పు."

"మా నాన్నగారు చెప్పినా?"

"ఆయన చెప్పినా."

శరభపాలుడు మొలలో దాచిన రాచముద్ర ఉంగరం తీసి సిద్ధమ్మ బురదచేతిలో పెట్టాడు. "ఇది చూపించి ఆపు. నన్ను కూడా," అన్నాడు. సిద్ధమ్మ దాన్ని కొంగున ముడివేసుకుంది.

కనుమలో కావలి ఉంది గనుక ఆ దారి పనికిరాదు. చక్రాలు తిప్పిన నీరు ఒక బిలంలోకి దూరి కొండ అవతల ఏట్లో కలుస్తుందని తారావళికి తెలుసు. ఊడిన చెక్కకాలువలనే విప్పి, కలిపి కట్టి పెద్ద తెప్ప చేశారు. దానిమీద జనమంతా కిక్కిరిసి కూర్చున్నారు. నీలధారలో చూపించి కట్టించడానికి ఒక ఇరుసు, కొన్ని కొయ్యపళ్లు, వరదకు తడవక మిగిలిన ఎండిన మందు ఒక తోలుసంచీ వెంట వేసుకున్నారు.

బిలం తెప్పను ఒక్క గుక్కలో మింగింది. చీకటి. తలలమీద రాయి అంగుళం ఎడంగా పరుగెడుతోంది. "తల దించండి!" అన్న కేక ముందునుంచి వెనక్కి పాకింది. ఒక సుడిలో తెప్ప గిర్రున తిరిగింది. శరభపాలుడు రాతిపగులులో వెదురుగడ గుచ్చి, దాన్ని విల్లులా వంచి తోశాడు. తెప్ప సుడినుంచి బయటపడి, బాణంలా దూసుకుపోయి, వెలుతురులోకి వచ్చి పడింది.

విశాలమైన ఏరు. చల్లని గాలి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మరుక్షణమే తలలెత్తి చూశారు. రెండు గట్లమీదా కరాళదుర్గం ఏనుగులు, గుడారాలు, ఫిరంగుల వరుసలు!

"ఆగండి!" గట్టునుంచి కేక వచ్చింది. రెండు ఏనుగులు నీళ్లలోకి దిగి తెప్పకు అడ్డం నిలిచాయి. ఒకదానిమీద పులిచర్మం కప్పుకున్న దళపతి ఉన్నాడు. "నేను దళపతి వ్యాఘ్రదత్తుణ్ణి. బూడిదలోయ నుంచేనా? మంచిదయింది, నేనే అక్కడికి బయలుదేరుతున్నాను. యంత్రాలు కట్టిన ఆచార్యుణ్ణి వెంటనే తెమ్మని మహారాజు ఆజ్ఞ. పెద్దఫిరంగికి మందు కూరడం మావాళ్లకు చేతకావడం లేదు. మీలో ఎవరు?"

రాబందు ఇంకా ఇతనికి వార్త చేర్చలేదని శరభపాలుడికి అర్థమయింది. తారావళి పెదవులు బిగించి లేవబోయింది. అతను ఆమె భుజంమీద చెయ్యి వేసి, తాను లేచాడు.

"నేనే," అన్నాడు.

వ్యాఘ్రదత్తుడు అతన్ని ఎగాదిగా చూశాడు. బురద, చింకి గోచీ, లేత మీసం. "నువ్వా?" అని నవ్వాడు. అతని పక్కన ఫిరంగివాడొకడు, రగులుతున్న వత్తి చేత్తో పట్టుకునే, తెప్పమీది తోలుసంచీలో ఏముందో చూడటానికి ముందుకు ఒంగాడు.

"ఆ నిప్పు నీళ్లలో పారెయ్యరా!" శరభపాలుడి గొంతు ఏటిమీద ఉరిమింది. "మందు ముందుకు నిప్పు తెచ్చేవాణ్ణి దళంలో పెట్టుకున్నది ఎవరు? ఇనుపకడియాలు కూడా తియ్యి! దళపతీ, మీ ఫిరంగులు ఎందుకు నోళ్లు పగులుతున్నాయో నాకిప్పుడు తెలిసింది. మందు దగ్గర భయం లేనివాళ్లకు మందు ఇవ్వను. మహారాజుతో ఆ మాట నేనే చెబుతాను, పదండి."

వత్తి ఏట్లో పడి చుయ్యిమంది. ఫిరంగివాడు గబగబా కడియాలు విప్పాడు. వ్యాఘ్రదత్తుడి ముఖంలో నవ్వు పోయింది. గట్టుమీద నోళ్లు పగిలిన ఫిరంగులు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి మరి. "క్షమించండి ఆచార్యా," అన్నాడు. "మిగతావాళ్లు?"

"నా కూలీలు. దిగువరేవులో పెట్లుప్పు దించారు. తెచ్చుకోవడానికి పంపుతున్నాను. ఆలస్యమైతే మందు ఆలస్యమవుతుంది."

దళపతి చెయ్యి ఊపాడు. ఏనుగులు పక్కకు తొలగి దారి ఇచ్చాయి.

శరభపాలుడు గట్టుకు దూకాడు. తారావళి అతనికేసి తలెత్తి చూడలేదు. చూస్తే కళ్లు బయటపెడతాయని భయం. సిద్ధమ్మ మాత్రం తెప్ప అంచుకు వచ్చి నిలబడింది. ఆమె కొంగుముడి పిడికిట్లో బిగించి ఉంది.

"తమ్ముడా," అంది. "వేళకు అన్నం తిను."

"అలాగే అక్కా," అన్నాడు శరభపాలుడు.

తెప్ప ప్రవాహంలో పడి దక్షిణానికి, నీలధార వైపుకు సాగిపోయింది. ఏనుగు మోకరిల్లింది. శరభపాలుడు దానిమీదికెక్కి, తొంగిచూసే సైనికుల మధ్యనుంచి, ఫిరంగుల వరుసలు దాటి, దండు నట్టనడుమ ఉన్న ఎర్రపట్టు గుడారం ముందు దిగాడు.

తెర ఎత్తబోతున్న ద్వారపాలకుడు ఒక్క క్షణం ఆగాడు. లోపల ఎవరో మాట్లాడుతున్నారు. ఆ గొంతు శరభపాలుడు పొద్దున్నే లోయలో, పల్లకిలోంచి విన్నాడు.

"లోయ కొట్టుకుపోయింది మహారాజా. మేదరివేషంలో వచ్చిన ఒక గూఢచారి చేసిన పని. వాడి ముఖం నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను."

వెనక దళపతి దళం, ముందు తెర. శరభపాలుడు ఏనుగు చాటున ఒంగి దాని కాళ్ల దగ్గరి తడిమట్టి రెండు చేతులా తీసుకుని, ముఖమంతా దట్టంగా పులుముకున్నాడు. తర్వాత తెర తొలగించుకుని, గొంతు గుర్తుపట్టకుండా బిగ్గరగా దగ్గుతూ లోపలికి నడిచాడు.